ఓరుగంటోళ్ల ఊరేది?

ఉద్యమం నడిచిన ఏండ్లల్ల జవాబు చెప్పి చెప్పి మన నోరు నొచ్చిన మాట ఒకటున్నది. ‘‘మీ ఇంటిపేరే మా దగ్గరా ఉంది. ఇంటిపేరు ఒకటే, భాష ఒకటే, ఇంక వేరు రాష్ట్రం ఎందుకు?’’ సెక్రటేరియట్ వరండాలల్ల అన్నరు. కాలేజీ స్టాఫ్ రూములల్ల అన్నరు. మాదాపూర్ అద్దాల మేడలల్ల పక్కపక్క కుర్చీలల్ల కూసొని అన్నరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మాట మాత్రం పోలేదు. ‘‘రాష్ట్రాన్ని విడగొట్టిన్రు, ఇంటిపేరును కూడా విడగొడతరా?’’ అని నవ్వుకుంట అడిగేటోళ్లు ఇంకా ఉన్నరు.

విడగొట్టం. ఎక్కడిదో వెతుకుతం. వెతికితే ఎవరికి ఇబ్బందో చూద్దాం.

ఒక్క ఇంటిపేరు తీసుకుందాం. ఓరుగంటి. 1998 నవంబర్ల ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన కాడి నుంచి శేరిలింగంపల్లికి నాలుగు దిక్కుల జనం వచ్చి చేరిన్రు. నెల్లూరు ఓరుగంటాయన, హన్మకొండ ఓరుగంటాయన ఒక్క లిఫ్టుల ఎక్కి, మెడల కార్డులు చూసుకొని, ‘‘అరే, మనం మనం ఒకటే’’ అనుకునుడు వింత కాదు. అనుకోనియ్యండి, మంచిదే. కాని ఆ పేరు ఏం చెప్తున్నదో ఇద్దరూ వినాలె గద.

ఇల్లు ‘ఇంటి’ అయినట్టు ఓరుగల్లు ‘ఓరుగంటి’ అయితది. బడిల చదివిన వ్యాకరణమే. ఓరుగంటివారంటే ఓరుగల్లువారు. ఇల్లు నెల్లూరుల కట్టుకున్నా, న్యూజెర్సీల కట్టుకున్నా తలుపు మీద రాసుకున్నది మన ఊరి పేరే. అట్లని ఆ నెల్లూరాయన మనోడై తెలంగాణల వాటా అడుగుతడా? అడగడు. మనమూ నెల్లూరుల వాటా అడగం. మరి ఆ ఒక్కటే పేరు హైదరాబాద్ ఉద్యోగాలల్ల, హైదరాబాద్ భూములల్ల వాటాకు ఎట్ల దస్తావేజు అయ్యింది?

ఇంకొక సంగతి. ఓరుగల్లు కోటల ఉన్నోన్ని ఎవరూ ఓరుగంటోడు అనరు. కోటల అందరూ ఓరుగల్లోళ్లే. ఊరు విడిచి పోయినంక, కొత్త ఊరోళ్లు ‘‘ఈయన ఎక్కడోడు?’’ అని అడిగినప్పుడు పుట్టేది ఊరి మీది ఇంటిపేరు. అది వలస పోయినోని గుర్తు. ఎక్కడి నుంచి బయల్దేరిండో చెప్తది. ఇయ్యాల ఎక్కడ హక్కున్నదో చెప్పదు. 1323ల ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకున్నది. అంతకుముందు కొలువు కోసం పోయినోళ్లున్నరు, తర్వాత బతుకు కోసం పోయినోళ్లున్నరు. ఏడువందల ఏండ్ల కింది ప్రయాణాన్ని తెచ్చి 1956 విలీనానికి సాక్షి సంతకం చెయ్యమంటే ఎట్ల?

పైగా ఊరి మీద వచ్చిన ఇంటిపేరుకు కులం లేదు, రక్తం లేదు. ఒక్క ఊరి నుంచి బాపనాయన పోతడు, కాపాయన పోతడు, సాలాయన పోతడు. ముగ్గురికీ అదే పేరు. ముగ్గురికీ చుట్టరికం లేదు. మన పెద్దలకు ఈ సంగతి తెలుసు కాబట్టే పెండ్లి ముచ్చట్లల్ల ఇంటిపేరు అడిగి ఊకోరు, గోత్రం అడుగుతరు, మేనమామ ఎవరని అడుగుతరు. పెండ్లికే చాలని సాక్ష్యం రాష్ట్రానికి చాలుతదా?

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నప్పుడు అండ్ల ఇంటిపేర్ల ముచ్చట లేదు. ఉద్యోగాలు, మిగులు నిధులు, నివాసం ఉన్నయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుడెవరని అడిగితే ఎక్కడ చదివినవు, ఎన్నేండ్లు ఉన్నవు అన్నది. 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో వచ్చింది ఆ లెక్క తప్పినందుకే. ఆ జీవో అమలు కోసం చెప్పులరిగిన ఉద్యోగులకు మేము కొత్తగ చెప్పేదేమున్నది?

ఇంటిపేరు చేసిన పెద్ద పంచాయితీ పోతనది. భాగవతం రాసిన బమ్మెర పోతన మనోడా, కడప ఒంటిమిట్టోడా అని నూరేండ్లకు దగ్గర్దగ్గర కొట్లాట. ఆయన చెప్పుకున్నది ఏకశిలానగరం. ఒక్కటే రాయి గుట్ట ఉన్నది కాబట్టి ఒంటిమిట్టే ఏకశిల అని అటు వాదం. కాకతీయుల కాలపు సంస్కృత గ్రంథాలల్లనే ఓరుగల్లుకు ఏకశిల అని పేరున్నదని ఇటు వాదం. నడుమ ఇంటిపేరున్నది. బమ్మెర ఇయ్యాల జనగామ జిల్లా పాలకుర్తి మండలంల బతికి ఉన్న ఊరు. బస్సెక్కి పోయి చూసి రావొచ్చు.

మేము ఊరికే గెలిచినమని చప్పట్లు కొట్టం. పైన మేమే అన్నం గద, ఇంటిపేరు బయల్దేరిన ఊరు చెప్తది, చేరిన ఊరు చెప్పదు. బమ్మెర నుంచి ఆయన ముత్తాతలు కడపకు పోయి ఉండొచ్చు కదా అని ఎవరన్న అడిగితే ఇంటిపేరొక్కటే పట్టుకొని జవాబు చెప్పలేం. ఇంటిపేరు, ఏకశిల, రెండు కలిపి చదివితేనే తూకం మన దిక్కు మొగ్గుతది. బమ్మెర, ఓరుగల్లు ఒక్క సీమల ఉన్నయి. రెండు ఆధారాలు ఒక్క చోటికి వస్తున్నప్పుడు మూడువందల మైళ్ల అవతల గుట్ట వెతుక్కునుడు ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నను పాఠ్యపుస్తకాలల్ల సాఫ్‌గ పిల్లల ముంగట పెట్టి ఉంటే మాకు కోపం ఉండేది కాదు. ‘వివాదం ఉన్నది’ అని ఒక్క ముక్క రాసి దాటేసుడే మర్యాద అనుకున్నరు. పాల్కురికి సోమనాథునిది ఇంకొక తీరు. పాలకుర్తి మనదంటే కన్నడ పండితులు హాల్కురికె మాదన్నరు. కన్నడ సోదరుల తోని మనకు రాష్ట్రం పంచాయితీ లేదు కాబట్టి అది చాయ తాగుకుంట మాట్లాడుకునే ముచ్చట.

బూర్గుల రామకృష్ణారావు సంగతి చూడుండ్రి. హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి. బూర్గుల ఊరి పేరు. వంశం పేరు పుల్లంరాజు. ఊరి పేరు ఇంటిపేరును మింగింది. అటు సూచికల పుల్లంరాజు అని వెతికితే ముఖ్యమంత్రి దొరకడు, ఇటు బూర్గుల అని వెతికితే వంశం దొరకదు. వానమామలై వరదాచార్యుల ఇంటిపేరుకు మూలం తమిళనాడు దిక్కున్న వైష్ణవ క్షేత్రం. ‘పోతన చరిత్రము’ రాసినాయన. ఆ కవిని తమిళుడంటమా? అనం. చెన్నూరు, మంథని దిక్కుల ఆయన పేరెత్తి చూడుండ్రి, ఎవరోడో చెప్తరు.

ఇప్పుడు లైబ్రరీకి పోదాం. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

అఫ్జల్‌గంజ్‌ల రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891ల ఆసఫియా పేరు మీద మొదలైంది. సుల్తాన్‌బజార్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901ల, హన్మకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904ల. గచ్చిబౌలి క్యాంపస్‌ల సెంట్రల్ యూనివర్సిటీ లైబ్రరీ శేరిలింగంపల్లి పిల్లలకు నడక దూరం. పుస్తకాలకు కరువు లేదు. ఇంటిపేరు పట్టుకొని వెతికే దారికి కరువు. ఓరుగంటి అని వెతుకుతవు. ‘ఓ’ కింద కొందరు దొరుకుతరు. ‘వోరుగంటి’ అని రాసుకున్నోళ్లు ‘వ’ల, అంటే వర్ణమాల ఆ చివర. ఇంగ్లిష్ జాబితాల అయితే ఓ అక్షరం కింద సగం, వీ అక్షరం కింద సగం. శ్రీకృష్ణదేవరాయల మీద 1953ల ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చేసిన గ్రంథకర్త ఓరుగంటి రామచంద్రయ్య ఒకచోట పూర్తి పేరుతోని, ఇంకోచోట రామచంద్రయ్య కింద, ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగ కనిపిస్తడు. (రాయల చరిత్ర రాసినాయన ఇంటిపేరుల కాకతీయుల రాజధాని మోసుకొని తిరిగిండు. చరిత్రకు హాస్యం తెలుసు.)

పొడి అక్షరం చిన్న సంగతి కాదు. ‘కె’ అంటే కొండా, కాసుల, కల్లెం, కుర్ర, ఏదన్న కావొచ్చు. ఊరి పేరు, వలస చరిత్ర, తాత ముత్తాతల ఆనవాలు అన్ని కలిపి ఒక్క ఇంగ్లిష్ అక్షరం. పాస్‌పోర్టు ఫారం వచ్చినంక ఇంకా ఆగమైంది. ‘లాస్ట్ నేమ్’ అంటే ఏంది? ఒకడు ఇంటిపేరు రాస్తడు, తమ్ముడు తండ్రి పేరు రాస్తడు. ఒక్క కడుపున పుట్టిన ఇద్దరు అమెరికాల రెండు ఇండ్లోళ్లు.

కాళోజీ ఇంట్లనే చూడుండ్రి. తమ్ముడు నారాయణరావు మనకందరికీ తెలిసిన తెలుగు కవి. అన్న రామేశ్వరరావు ‘షాద్’ పేరు మీద ఉర్దూల రాసిండు. ఒక్క ఇంటిపేరు, ఒక్క కంచంల తిన్న అన్నదమ్ములు. లైబ్రరీల ఒకరు తెలుగు అరల, ఒకరు ఉర్దూ అరల. తెలుగు సూచిక మాత్రమే చదివినోనికి తెలంగాణల సగం ఇల్లే కనిపిస్తది. తెలంగాణల కవులు లేరన్న మాట ఇసొంటి సగం చూపు నుంచే పుట్టింది. ఆ మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసి 354 మంది కవులను పేరుపేరున నిలబెట్టిండు. ఉపన్యాసం చెప్పలేదు, జాబితా చూపెట్టిండు. ఆ పుస్తకాన్ని కవిత్వం కోసం ఎంతమంది చదువుతరో గాని, ఇంటిపేర్ల కోసం చదివితే తెలంగాణ పటం కండ్ల ముంగట పరుచుకుంటది.

మన పుస్తకాలను కంప్యూటర్ల ఎక్కించే పని కూడా 2000ల తర్వాత ఈ గచ్చిబౌలి దగ్గరనే, ట్రిపుల్ ఐటీ ఆధ్వర్యంల, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరు మీద జరిగింది. గొప్ప పని. ఆ పని లేకుంటే వేల తెలుగు పుస్తకాలు చెదలపాలే. అయితే తెలుగు పుస్తకం పేరు, రచయిత పేరు ఇంగ్లిష్ అక్షరాలల్ల, ఎవరికి తోచిన స్పెల్లింగుల వాళ్లు కొట్టిన్రు. ఇంటిపేరు మూడు ముక్కలైన పుస్తకాలెన్నో. పుస్తకం ఉన్నది, పేరు పోయింది. పేరు పోయిన పుస్తకాన్ని ఎవరు అడుగుతరు?

ఇదంతా చదువుకున్నోళ్ల ఇంటిపేరు కథ. భూమి దున్నినోని కథ వేరే.

శేరి అంటే తెలుసు గద. దొర, సర్కారు సొంత సాగు కింద పెట్టుకున్న భూమి. శేరిలింగంపల్లి పేరులనే మాలికానా ఉన్నది. పక్కన రాయదుర్గం పాయెగా, రాయదుర్గం పన్మఖ్తా, రాయదుర్గం నౌఖాల్సా. ఏ ఊరు ఏ నవాబు కింద, ఏ హక్కు కింద ఉండెనో ఊరి పేరుకే తగిలించి రాసిపెట్టిన్రు. అంత జాగ్రత్తగ రాసిన ఆ కాగితాలల్ల దున్నినోని పేరు చూడుండ్రి. ‘లింగయ్య వల్ద మల్లయ్య.’ మల్లయ్య కొడుకు లింగయ్య. అంతే. ఇంటిపేరు లేదు. ఆయనకు ఇంటిపేరు లేక కాదు. మాదిగవాడలైనా, గొల్లవాడలైనా ఇంటిపేరు లేని ఇల్లు లేదు. కలం పట్టినాయన అడగలేదు. జాగీర్దారుకు బిరుదులు మూడు వరుసలు, దున్నినోనికి తండ్రి పేరు చాలన్నరు.

ఒక్క ఊర్ల ముగ్గురు లింగయ్యలు, ఇద్దరు మల్లయ్యలు ఉంటరు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు అని రాసిన లింగయ్య ఎవరు? 1954–55 ఖాస్రా పహాణీల ఉన్న లింగయ్య ఎవరు? ఎకరానికి వందలల్ల ధర ఉన్నన్ని రోజులు ఎవరికీ పట్టలేదు. సైబర్ టవర్స్ లేచినంక ఎకరం కోట్లకు పోయింది. అప్పుడు ప్రతి లింగయ్యకు ఇంకొక లింగయ్య మొలిచిండు. మనుమడు తాసిల్ ఆఫీసుకు పోతే ‘‘ఈ లింగయ్య మీ తాత అని రుజువేది?’’ అన్నరు. రుజువు ఇంటిపేరే. అది కాగితం మీద లేదు.

సేత్వార్ కాగితం చాలామట్టుకు ఉర్దూల. ఉర్దూల చిన్న అచ్చులు రాయరు. అలిఫ్ పక్కన వావ్ పెడితే అది ఓరుగంటి, ఊరుగంటి, ఔరుగంటి, ఏదైనా చదువుకోవచ్చు. గొలుసు రాతల గాఫ్ మీది గీత మర్శిపోతే గంటి కాస్త కంటి అయితది. ళకు, ణకు అక్షరాలే లేవు. ఉర్దూ మీద మాకు కోపం లేదు, అది మన తాతల కచ్చేరి భాష, మన నోట్ల ఇంకా బతికున్న భాష. కోపం దేనిమీదంటే, ఆ కాగితం చదవగల మనిషిని సర్కారు ఊరికొకన్ని కూడా ఉంచలేదు. చదివేటోడు లేనిచోట అమ్మేటోడు చదివి చెప్పిందే చదువైంది.

ఆ పాత కాగితాల తల్లివేరు తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్. కోట్ల సంఖ్యల పత్రాలు, ఎక్కువ పార్సీ, ఉర్దూ. లింగంపల్లిల ఎంఎంటీఎస్ ఎక్కి ఆర్ట్స్ కాలేజీ దగ్గర దిగితే అక్కడికి దగ్గరనే. పోతవు, శేరిలింగంపల్లి అని అడుగుతవు. ముందు ఆ ఊరు ఏ జిల్లా అని తెలియాలె. రంగారెడ్డి జిల్లా పుట్టింది 1978ల. అంతకుముందు హైదరాబాద్ జిల్లా. 1948కి ముందు నగరం చుట్టున్న ఊర్లు అత్రాఫ్-ఎ-బల్దా. పైగా సర్ఫెఖాస్‌ది ఒక దఫ్తర్, పాయెగాది ఒక దఫ్తర్. 2007ల మున్సిపాలిటీ కూడా పోయి జీహెచ్‌ఎంసీల కలిసింది. ఊరు కదలలేదు, ఊరి చిరునామా ఇన్నిసార్లు మారింది. ఇంటిపేరు సూచిక లేకుంటే ఏ మనుమడు ఏ దఫ్తర్ల వెతుకుతడు?

సర్కారు పెద్ద సంస్థకే దిక్కులేదు. 1974ల సెంట్రల్ యూనివర్సిటీకి వేల ఎకరాలు ఇచ్చినమన్నరు. 2025ల కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు ఆ భూమి రికార్డుల యూనివర్సిటీ పేరు మీద లేదన్నదే సర్కారు వాదన. విద్యార్థులు అడ్డం పడ్డరు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. వైస్ చాన్స్‌లర్ ఉన్న సంస్థ పేరే కాగితం మీదికి ఎక్కకపోతే లింగయ్య వల్ద మల్లయ్య గతి ఏంది?

మన సర్కార్లను కూడా అడగాలె. ఉద్యమ పత్రిక కాబట్టి ఇంకా గట్టిగ అడగాలె. 2014ల ఫీజు రీయింబర్స్‌మెంట్ బదులు ‘ఫాస్ట్’ అని తెచ్చి, 1956 నవంబర్ 1కి ముందు నుంచి ఉన్నోళ్ల పిల్లలకే అన్నరు. హైకోర్టు నిలదీసింది, 2015ల సర్కారే వెనక్కి తీసుకున్నది. కోర్టు సంగతి పక్కన పెట్టుండ్రి. ఆ షరతు పెట్టినోళ్లకు తెలుసా, 1956కు ముందు కాగితం చూపెట్టుమంటే ముందు దెబ్బతినేది ఎవరు? గడి ఉన్న దొర మనుమడు చూపెడతడు. బావులు తవ్విన వడ్డెరాయన మనుమడు, కంచెల గొర్లు కాసినాయన మనుమడు ఏం చూపెడతడు? వాని తాతను కాగితం మీదికి ఎక్కించలేదు గద! పరాయోన్ని పట్టుకోవాలని వేసిన వలల ముందు పడేది ఇంటి మనిషే. తర్వాత 2020ల ధరణి వచ్చింది, 2025ల భూభారతి వచ్చింది. కంప్యూటర్ పేరు మారింది. 1954 నాటి లింగయ్య ఇంటిపేరు ఇంకా ఖాళీనే ఉన్నది.

చేసే పని కాదంటరా? మారిషస్‌ల చేసిన్రు. పంతొమ్మిదో శతాబ్దంల కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కించిన తెలుగు కూలీలు వాళ్లు. కోస్తా జిల్లాల బీదలు. వాళ్ల గోస మన గోస వేరు కాదు. ఇంటిపేర్లు ఓడరేవులనే పోయినయి, తాత పేరే ఇంటిపేరైంది. అక్కడ మోకాల ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ ఓడల రిజిస్టర్లు భద్రం చేసింది. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఓడ. మునిమనుమడు పోయి అడిగితే వెతికి చూపెడతరు. సముద్రం దాటినోళ్లకు దొరికిన ఊరి పేరు మూసీ దాటని మనకు దొరకదు.

మేము అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. ఖాస్రా పహాణీ, సేత్వార్, రక్షిత కౌలుదారుల రిజిస్టర్, ఈ మూడింటిల ఉన్న ప్రతి పేరుకు ఊరోళ్లను కూసొబెట్టి ఇంటిపేరు రాయాలె. తెలుగుల, ఉర్దూల, ఇంగ్లిష్ల మూడు లిపులల్ల ఒక్క సూచిక కావాలె. ఓరుగంటి, వోరుగంటి ఒక్క చోట దొరకాలె. ఉర్దూ, పార్సీ చదివిన నిరుద్యోగ పట్టభద్రులకు ఆ పని ఇయ్యాలె, కాంట్రాక్టు కంపెనీకి కాదు. ఆంధ్ర నుంచి వచ్చిన ఓరుగంటాయన వెతుక్కున్నా ఆ సూచికల దొరకాలె. ఆయన తాతల ఊరు ఆయనకు తెలిస్తే మనకు పోయేదేమున్నది? మన ఊరి పేరే గద.

సర్కారు కదిలేదాక మనం ఊకుండొద్దు. శేరిలింగంపల్లి, కొండాపూర్, హఫీజ్‌పేట, మియాపూర్, నల్లగండ్ల, గోపనపల్లి, నానక్‌రాంగూడ విద్యార్థులు, ఉద్యోగులు ఈ నెలల ఒక్క ఆదివారం మీ బస్తీల పెద్దమనుషుల దగ్గర కూసోండ్రి. ఇంటిపేరు, దాన్ని ఎన్ని తీర్ల రాస్తరో, ఏ ఊరి నుంచి వచ్చినమని చెప్పుకుంటరో, తాత పేరు, ఆయన తండ్రి పేరు, దున్నిన చెల్క పేరు రాసుకోండ్రి. అవ్వలను తప్పక అడగండ్రి, పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ వాళ్లకే తెలుసు. పహాణీ నకలు ఉంటే ఫొటో తీసి కలపండ్రి, అసలు కాగితం ఎవరికీ ఇయ్యొద్దు. మన పత్రిక ఆఫీసుకు పంపండ్రి. వచ్చిన ఇంటిపేర్లను ఊరి వరుసల వచ్చే వారం నుంచి అచ్చేస్తం.